డబ్బుండగానే ఇంటికి

పొద్దున బెంగళూరు నుంచి వచ్చే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ స్టేషన్‌లో దిగేవాళ్లలో సెలవులకొచ్చినవాళ్లెవరో, అన్నీ సర్దుకుని వచ్చేసినవాళ్లెవరో సామాను చూస్తే తెలిసిపోతుంది. సెలవులకొచ్చినవాళ్ల భుజాన ఒక బ్యాగు ఉంటుంది. వచ్చేసినవాళ్ల పక్కన ఇండక్షన్ స్టవ్ అట్టపెట్టె, దుప్పటి చుట్టిన మానిటర్, బకెట్లో కుక్కిన చెప్పులు ఉంటాయి. ఆటో అతను "ఎక్కడికి సార్?" అంటాడు. వీధి మలుపులో పక్కింటాయన "ఏటి బాబూ, ఎన్ని రోజులు సెలవు?" అంటాడు. మొదటిదానికి జవాబు సులువు. రెండోదానికి జవాబు లేకే చాలామంది రావలసిన సమయానికి ఇంటికి రారు.

ఉద్యోగం పోవడం ఇప్పుడు ఏ ఒక్కరికో జరిగే సంగతి కాదు. 2022 నవంబర్‌లో మెటా ఒక్కరోజే 11,000 మందిని తీసేసింది. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు 2 శాతాన్ని, అంటే 12,000 మందికి పైగా, తగ్గించుకుంటున్నట్టు ప్రకటించింది. పెద్ద కంపెనీల లెక్కలైతే పేపర్లో వస్తాయి. పదిమందో ఇరవైమందో పనిచేసే ఆఫీసు ఒక శుక్రవారం సాయంత్రం మూతపడితే ఎక్కడా రాదు. అలా పనిపోయినవాళ్లు బెంగళూరులో, హైదరాబాద్‌లో, పుణెలో అద్దె గదుల్లో కూర్చుని "ఇంకో నెల చూద్దాం" అనుకుంటూ ఉంటారు. ఆ నెల ఖరీదెంతో ముందు తేల్చుకోవాలి.

ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకి వేసుకున్నవే గానీ, బెంగళూరులో మధ్యరకం జీతంతో బతికేవాళ్లకి కొంచెం అటూ ఇటూగా సరిపోతాయి. ముప్ఫై ఏళ్ల అబ్బాయి. అమ్మానాన్నల ఇల్లు విశాఖలో, గోపాలపట్నంలో. బెంగళూరులో స్నేహితుడితో కలిసి 22,000 రూపాయల అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాడు, తన వాటా 11,000. ఐదు నెలల అడ్వాన్సులో తన సగం 55,000. బ్యాంకులో 96,000 ఉన్నాయి, క్రెడిట్ కార్డు మీద 18,000 బాకీ ఉంది. నెల ఖర్చు చూస్తే అద్దె 11,000, తిండి 7,000, బండి ఈఎంఐ 4,200, ఫోను, ప్రయాణాలు 3,000, చిల్లర మల్లర 3,800. మొత్తం 29,000. కార్డు బాకీ తీర్చేశాక మిగిలే 78,000 రూపాయలు అక్కడే ఉంటే రెండున్నర నెలలు దాటి ఐదారు రోజులకి అయిపోతాయి.

అదే అబ్బాయి కంపెనీ నోటీసు పీరియడ్‌లో ఉండగానే ఇంటి ఓనర్‌కి కూడా నోటీసు ఇచ్చేసి, ఆఖరి జీతం పడిన వారంలో బయల్దేరాడనుకుందాం. పెయింటింగ్ పేరుతో ఓనర్ ఒక నెల అద్దె కోసుకున్నా అడ్వాన్సులో 44,000 చేతికొస్తాయి. టికెట్టు, సామాను, బండి పార్సిల్ అన్నిటికీ 14,000 పోతాయి. చేతిలో 1,08,000 మిగులుతాయి. గోపాలపట్నంలో నెలకి ఇంట్లో ఇచ్చేది 6,000, ఈఎంఐ 4,200, ఆరోగ్య బీమా కోసం పక్కన పెట్టేది 1,000, ఫోను, తిరుగుడు, ఇంటర్వ్యూలకి 3,800. మొత్తం 15,000. ఏడు నెలలు దాటి వస్తుంది.

ఇప్పుడు మూడో లెక్క. ఈ లెక్కని చాలామంది వెయ్యరు. "రెండు నెలలు ఇక్కడే ఉండి చూద్దాం, కుదరకపోతే అప్పుడు పోదాం" అనుకున్నాడు. రెండు నెలలకి 58,000 పోయి 20,000 మిగిలాయి. అడ్వాన్సు కలిసి, ప్రయాణం ఖర్చు పోయి, ఇంటికి చేరేసరికి చేతిలో 50,000. గోపాలపట్నంలో అది మూడు నెలల పది రోజులు. అంటే బెంగళూరులో ఉన్న ఆ రెండు నెలలకి ఇంటి దగ్గరి దాదాపు నాలుగు నెలలు ఖర్చయిపోయాయి.

అందుకే ఉద్యోగం లేనప్పుడు డబ్బుని రూపాయల్లో చూడకూడదు, నెలల్లో చూడాలి. "లక్ష ఉంది" అంటే ధైర్యంగా అనిపిస్తుంది. "అక్కడ రెండున్నర, ఇక్కడ ఏడు" అంటే నిర్ణయం దానంతటదే కళ్ల ముందుకొస్తుంది. ఏడు నెలల సమయం ఉన్నవాడు ఇంటర్వ్యూలో జీతం గురించి నిదానంగా మాట్లాడతాడు. ఇరవై రోజులే ఉన్నవాడు ఏది ఇస్తే అది పుచ్చుకుంటాడు.

బెంగళూరులోనే ఉండిపోవడం సబబైన సందర్భం ఒకటుంది. రెండు మూడు కంపెనీల్లో ఆఖరి రౌండుకి తేదీలు పడి ఉంటే, ఆ తేదీల దాకా ఉండాలి. తేదీ లేకుండా, "మార్కెట్ పుంజుకుంటుంది" అన్న ఆశ మీద ఉండటం మాత్రం తప్పు.

ఈ లెక్క ఎవరికీ తెలియనిదేం కాదు. తెలిసీ ఎందుకు ఆగిపోతారంటే, మొహం చెల్లక. పై చదువుకని ఇంట్లోంచి వెళ్లినప్పుడు, మొదటి ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు వీధి వీధంతా స్వీట్లు తిన్నది. ఇప్పుడు ఏ మొహంతో వెళ్లడం? ఆ సిగ్గు నిజమైనదే, దాన్ని తేలిక చేసి మాట్లాడకూడదు. కానీ దాన్ని నెల నెలా 29,000 పోసి పెంచి పోషించే స్తోమత పనిలేనివాడికి ఉండదు. పైగా డబ్బంతా అయిపోయి, కార్డులు నిండి, అప్పుతో ఇంటికొచ్చిన రోజు ఆ సిగ్గు రెట్టింపవుతుంది. చేతిలో లక్ష ఉన్నప్పుడు వచ్చినవాడు ఇంట్లో తన వాటా ఇవ్వగలడు. ఆ ఒక్క తేడాతో మిగతాదంతా మారిపోతుంది.

బయల్దేరే పని అద్దె ఒప్పందం కాగితంతో మొదలవుతుంది. మన నగరాల్లో చాలా ఒప్పందాలు పదకొండు నెలలవి, ఎందుకంటే ఏడాదికి మించిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందులో నోటీసు ఒక నెలా, రెండు నెలలా, పెయింటింగ్‌కి ఎంత కోస్తారు అన్నవి రాసి ఉంటాయి. బెంగళూరులో అడ్వాన్సులు భారీగా ఉంటాయి కాబట్టి అక్కడి నుంచి వచ్చేవాళ్లకి ఆ డబ్బే పెద్ద ఆసరా. తన బదులు చేరే మనిషిని తానే వెతికిపెడితే చాలామంది ఓనర్లు నోటీసు కాలం గురించి పట్టుపట్టరు. గోడల ఫొటోలు, కరెంటు మీటర్ రీడింగ్ ఫొటో ఖాళీ చేసే రోజునే తీసి వాట్సాప్‌లో ఓనర్‌కి పంపాలి. తర్వాత వచ్చే తగాదాల్లో సగం అక్కడే ఆగిపోతాయి.

సామాను విషయంలో కాస్త కఠినంగా ఉండాలి. వెళ్లేది అమ్మానాన్నల ఇంటికైతే అక్కడ ఫ్రిజ్ ఉంది, మంచం ఉంది, వాషింగ్ మెషీన్ ఉంది. వాటి కోసం దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరం లారీ మాట్లాడితే, వాటి పాత ధర కన్నా కిరాయే ఎక్కువవుతుంది. అమ్మేయాలి, అదీ ఆఖరి మూడు రోజుల్లో కాకుండా నెల ముందే. ఆఖర్న అమ్మేవాడి తొందర కొనేవాడికి తెలిసిపోతుంది. స్లీపర్ క్లాస్, థర్డ్ ఏసీ టికెట్లకి మనిషికి 40 కిలోల దాకా సామాను ఉచితంగా తీసుకెళ్లవచ్చు. పుస్తకాలు, బట్టలు, కంప్యూటర్ అందులో పట్టేస్తాయి.

బండి మాత్రం తెచ్చుకోవలసిందే. ఈఎంఐ కడుతున్న బండిని పనిలేని రోజుల్లో అయినకాడికి అమ్మితే అప్పూ తీరదు, బండీ ఉండదు. రైల్వే పార్సిల్ ఆఫీసులో బండి వేయడం చూడని వాళ్లకి అదొక పెద్ద తతంగంలా అనిపిస్తుంది గానీ, ఒక పూట పని. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేయాలి. స్టేషన్ బయట ప్యాకింగ్ చేసేవాళ్లుంటారు. వాళ్లు హ్యాండిల్‌కీ, ట్యాంకుకీ, హెడ్‌లైటుకీ గడ్డి గానీ అట్టలు గానీ పెట్టి, పైన గోనెపట్టా చుట్టి, పురికొసతో బిగించి కడతారు. అద్దాలు విప్పి చేతి బ్యాగులో పెట్టుకోవడం మంచిది. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎవరి పేరు, ఏ ఫోను నంబరు అన్నది మార్కర్‌తో రెండు అట్టముక్కల మీద రాసి రెండు వైపులా కట్టాలి, దారిలో ఒకటి ఊడినా ఇంకోటి ఉంటుంది. ఆర్సీ, ఇన్సూరెన్సు, ఆధార్ జిరాక్సులు ఇవ్వాలి. అక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. తన టికెట్టు చూపించి లగేజీగా బుక్ చేస్తే బండి అదే రైల్లో వస్తుంది. పార్సిల్‌గా బుక్ చేస్తే ఖాళీ ఉన్న రైల్లో వస్తుంది, రెండు మూడు రోజులు పట్టవచ్చు. దిగాక గడువులోపు విడిపించుకోకపోతే వార్ఫేజ్ పడుతుంది. రూపాయి రూపాయి చూసుకునే రోజుల్లో ఆ జరిమానా ఎందుకు?

కర్ణాటక నంబరు బండి ఆంధ్రలో పన్నెండు నెలలకి మించి ఉంటే ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్చుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. దానికి అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. వచ్చిన నెలలోనే ఆ ఖర్చు నెత్తిన వేసుకోనక్కర్లేదు. ఆ ఏడాదిలోపు ఉద్యోగం మళ్లీ బెంగళూరులోనే దొరకవచ్చు.

ఊరు వదిలే ముందు ఆఫీసు నుంచి తెచ్చుకోవలసిన కాగితాలు కొన్ని ఉన్నాయి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, ఆఖరి మూడు నెలల జీతం స్లిప్పులు. కంపెనీ మెయిల్ ఆగిపోయే లోపే వీటిని సొంత మెయిల్‌కి తెచ్చుకోవాలి. 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగం పోయినవాళ్లకైనా, మానేసినవాళ్లకైనా రావలసిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఆ మాట హెచ్ఆర్‌కి మర్యాదగా, మెయిల్‌లో గుర్తు చేయడంలో తప్పులేదు. అయినా ఆ డబ్బు ఖాతాలో పడేదాకా నెలల లెక్కలో కలపకూడదు. జీతం ఖాతా సంగతి కూడా చూసుకోవాలి. కొన్ని నెలలు జీతం పడకపోతే ప్రైవేటు బ్యాంకులు దాన్ని మామూలు సేవింగ్స్ ఖాతాగా మార్చి కనీస నిల్వ అడుగుతాయి. ఎస్‌బీఐ సేవింగ్స్ ఖాతాలకి 2020లోనే ఆ షరతు ఎత్తేసింది. డబ్బు అక్కడికి మార్చుకుంటే ఒక బెడద తప్పుతుంది.

ఇక పీఎఫ్. ఉద్యోగం పోగానే అందరి చూపూ దాని మీదే పడుతుంది. పాత పద్ధతిలో నెల ఖాళీగా ఉంటే 75 శాతం, రెండు నెలలు దాటితే మిగతాదీ తీసుకునేవాళ్లు. 2025 అక్టోబర్ 13న ఈపీఎఫ్‌ఓ ట్రస్టీల బోర్డు దీన్ని మార్చాలని నిర్ణయించింది. దాని ప్రకారం 75 శాతం వెంటనే తీసుకోవచ్చు, మిగతా పాతిక శాతానికి పన్నెండు నెలలు, పెన్షన్ సొమ్ముకి 36 నెలలు ఆగాలి. దరఖాస్తు పెట్టేముందు పోర్టల్‌లో అప్పటి నిబంధన ఒకసారి చూసుకోవాలి. అసలు ప్రశ్న మాత్రం తీయాలా వద్దా అన్నది. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే మామూలుగా ఆ సొమ్ముకి పన్ను వర్తిస్తుంది. 50,000 లేదా అంతకు మించితే పాన్ ఇచ్చినా 10 శాతం టీడీఎస్ కోస్తారు. నాలుగేళ్లు పనిచేసిన మనిషి తొందరపడి తీసేసుకుంటే అటు పన్నూ పడవచ్చు, ఇటు 2024-25కి ఇచ్చిన 8.25 శాతం లాంటి వడ్డీ కూడా పోతుంది. అదే కొత్త ఉద్యోగంలో చేరి పాత ఖాతా బదిలీ చేసుకుంటే ఆ నాలుగేళ్లూ కొత్త సర్వీసులో కలుస్తాయి. కాబట్టి పీఎఫ్‌ని ఆరో నెల డబ్బుగా చూడాలి, మొదటి నెల డబ్బుగా చూడకూడదు.

మొదటి రెండు నెలల్లో ముందు ఆపాల్సింది క్రెడిట్ కార్డు. "మినిమమ్ డ్యూ" కట్టుకుంటూ పోతే మిగతా బాకీ మీద నెలకి మూడు, మూడున్నర శాతం వడ్డీ నడుస్తుంది, ఏడాదికి చూస్తే 36 నుంచి 42 శాతం. ఏ పీఎఫ్ వడ్డీ, ఏ ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ దానికి సాటిరావు. అందుకే పై లెక్కలో కార్డు బాకీని మొదటి రోజే తీర్చేశాం. ఇంకా డబ్బు అవసరమైతే లోన్ యాప్‌ల జోలికి పోవద్దు. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టడం నయం. రెండున్నర లక్షల లోపు రుణాలకి బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు 2025లో నిబంధన సడలించింది. అయితే అమ్మ గాజులు పెట్టి ఈఎంఐలు కట్టే దాకా రావడం ప్రమాద సూచన. ఆ పరిస్థితి వస్తే బండి అమ్మడమే మేలు.

ఆరోగ్య బీమా గురించి ఆఖరి రోజు దాకా ఎవరికీ గుర్తుండదు. కంపెనీ ఇచ్చిన గ్రూపు బీమా మామూలుగా ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది. అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారితే అప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ కలిసొస్తుంది. ఆ సంగతి ఉద్యోగంలో ఉండగానే హెచ్ఆర్‌ని అడిగి, దరఖాస్తు పెట్టాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. అమ్మానాన్నల పేర్లు కంపెనీ పాలసీలో ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తపడాలి. ఆంధ్రలో ఒకప్పటి ఆరోగ్యశ్రీ 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. అందులో ఇంటివాళ్ల పేర్లున్నాయో లేదో వార్డు ఆఫీసులో ముందే కనుక్కోవాలి.

ఇక ఇల్లు. అసలు పరీక్ష ఇక్కడే.

2020 తర్వాత మన ఇళ్లలో అన్నిటికన్నా తేలికైన అబద్ధం "వర్క్ ఫ్రమ్ హోమ్". ఉద్యోగం పోయిందని చెప్పలేక, పొద్దున్న తొమ్మిదింటికి గది తలుపేసుకుని, లాప్‌టాప్ ముందు కూర్చుని, మధ్య మధ్య ఫోనులో ఇంగ్లీషులో మాట్లాడే పిల్లలున్నారు. అమ్మ కాఫీ తెచ్చి "మీటింగేమో" అని గుమ్మంలోనే ఆగిపోతుంది. ఆ కాఫీ తాగడం ఎంత కష్టమో తాగేవాడికే తెలుసు. ఈ అబద్ధానికి మనసు బాధతో పాటు డబ్బు ఖర్చు కూడా ఉంది. జీతం వస్తోందనుకునే ఇంట్లో తమ్ముడి ఫీజు అడుగుతారు, మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి గొలుసు అడుగుతారు, కాదంటే "మారిపోయాడు" అంటారు. పరవాడ ఫార్మా సిటీలో పనిచేసే మావయ్యకి ఖాళీ ఉన్న సంగతి తెలిసినా చెప్పడు, ఉద్యోగంలో ఉన్నవాడికి చెప్పి ఏం లాభం?

చెప్పే పద్ధతి ఒకటుంది. రైలెక్కకముందే ఫోనులో చెప్పాలి, అదీ లెక్కతో సహా. "నాన్నా, కంపెనీలో మనుషుల్ని తీసేశారు, అందులో నేనూ ఉన్నాను. నా దగ్గర ఏడు నెలలకి సరిపడా డబ్బుంది. నెలకి ఆరువేలు అమ్మకిస్తాను. నాలుగో నెల ఆఖరికి ఏమీ రాకపోతే వేరే దారి చూస్తాను." ఈ నాలుగు ముక్కల్లో తండ్రికి కావలసినవన్నీ ఉన్నాయి. ఏం జరిగింది, ఎంతుంది, ఇంటి మీద ఎంత భారం పడుతుంది, ఎప్పటిదాకా. ముసలితనంలో ఉన్న తండ్రులకి కొడుకు ఉద్యోగం పోవడం కన్నా, ఏం జరుగుతోందో తెలియకపోవడమే ఎక్కువ భయం. పక్కింటాయనకి మాత్రం ఒక్క వాక్యం చాలు. "పని మారుతున్నానండి, కొన్నాళ్లు ఇక్కడే ఉంటాను."

అమ్మకిచ్చే డబ్బు సంగతిలో ఒక మాట. చాలా ఇళ్లలో "నీ డబ్బెందుకురా, ఇంట్లో అన్నానికి డబ్బులిస్తావా?" అని తల్లి నొచ్చుకుంటుంది. అలాంటప్పుడు చేతికి ఇవ్వకుండా ఒక బిల్లు తీసుకోవాలి. కరెంటు బిల్లు అందుకు సరైనది, ఎందుకంటే దాన్ని పెంచేది వచ్చినవాడే. ఆంధ్రలో 2022 నాటి టారిఫ్ ప్రకారం నెలకి 225 యూనిట్ల దాకా ఆఖరి శ్లాబులో యూనిట్ 6 రూపాయలు, అది దాటితే 8.75. ఇద్దరు పెద్దవాళ్లు ఫ్యానుతో గడిపే ఇంట్లోకి కొడుకొచ్చి మధ్యాహ్నం కూడా ఏసీ వేసుకుంటే మొదటి నెలలోనే శ్లాబు మారుతుంది. నాన్న పైకి ఏమీ అనడు, బిల్లు చేత్తో పట్టుకుని వరండాలో కళ్లద్దాలు సవరించుకుంటూ రెండుసార్లు చూస్తాడు, అంతే. ఆ బిల్లు ఫోనులో కట్టేసిన రోజు నుంచి ఆ ఇంట్లో అతను అతిథి కాడు.

ఇంటికి తిరిగొచ్చిన ఆడపిల్లల దారి ఇంకాస్త ఇరుకు. కొడుకు ఖాళీగా ఉంటే "ఉద్యోగం వెతుక్కుంటున్నాడు" అనే ఇల్లే, కూతురు ఖాళీగా ఉంటే సంబంధాలు చూడటం మొదలుపెడుతుంది. వంటగది, అమ్మమ్మ మందులు, వచ్చిన చుట్టాలు అన్నీ ఆమె వాటాకి వచ్చి పడతాయి. సాయంత్రానికి చూస్తే ఒక్క అప్లికేషన్ కూడా పంపి ఉండదు. ఇది అన్యాయం, సర్దుకుపోవలసిన సంగతి ఎంతమాత్రం కాదు. పొద్దున్న తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఇంట్లోంచి బయటపడటం దీనికి పనికొచ్చే ఉపాయం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్‌కి డబ్బు లేదు. గోపాలపట్నం నుంచైనా గాజువాక నుంచైనా ఆర్టీసీ కాంప్లెక్సుకి ఖర్చు లేకుండా రావచ్చు. పక్కనే ద్వారకానగర్‌లో విశాఖ పౌర గ్రంథాలయం ఉంది. అక్కడ కూర్చుని చేసే నాలుగు గంటల పని ఇంట్లో రోజంతా కూర్చున్నా అవదు. మగపిల్లలకీ ఇది వర్తిస్తుంది, బస్సు టికెట్టు మాత్రం కొనాలి. మధ్యాహ్నం అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకి భోజనం దొరుకుతుంది. అక్కడ వరసలో నిలబడటం నామోషీ అనుకునేవాళ్లు ఆ వరసలో ఎవరెవరుంటారో ఒకసారి చూస్తే ఆ భావం పోతుంది.

పని వెతకడంలో ఊరి గురించి పత్రికల్లో వచ్చే వార్తలు ఉత్సాహపెడతాయి. 2023లో ఇన్ఫోసిస్ విశాఖలో ఆఫీసు తెరిచింది. టీసీఎస్‌కి 2025లో ఋషికొండలో 99 పైసలకే 21 ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. 2025 అక్టోబర్ 14న గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో విశాఖలో ఏఐ కేంద్రం కడతామంది. ఇవన్నీ సంతోషించదగ్గవే. కానీ ప్రకటనకీ నియామకానికీ మధ్య ఏళ్లు పడతాయి, ఏడు నెలల డబ్బున్నవాడు వాటి మీద లెక్క వేసుకోకూడదు. ఇవాళ జీతాలిస్తున్న చోట్లు చూడాలి. మధురవాడ, ఋషికొండ కొండల మీది చిన్న ఐటీ ఆఫీసులు, పరవాడ మందుల కంపెనీలు, అచ్యుతాపురం సెజ్, మెడ్‌టెక్ జోన్, పోర్టు చుట్టూ ఉన్న లాజిస్టిక్స్ సంస్థలు. జీతం బెంగళూరు కన్నా తక్కువే ఉంటుంది. అయితే అద్దె లేని 35,000 జీతం, 11,000 అద్దె కట్టి, బయట తిండి తిని, ట్రాఫిక్‌లో రెండు గంటలు పోగొట్టుకునే 50,000 జీతానికి దగ్గర దగ్గర సరిపోతుందని లెక్క వేసి చూడాలి. హైదరాబాద్ ఇంటర్వ్యూలకి మూడు రానుపోను టికెట్ల డబ్బు మొదటి రోజే పక్కన పెట్టుకోవాలి. ఆ డబ్బు లేక ఆఖరి రౌండు వదులుకున్నవాళ్లు తర్వాత ఏళ్ల తరబడి బాధపడతారు.

ద్వారకానగర్ పేరు చెబితే కోచింగ్ సెంటర్లు గుర్తొస్తాయి. ఉద్యోగం పోయి వచ్చిన చాలామంది అక్కడ గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో చేరిపోతారు. ఆ చదువు మీద నిజంగా మనసుంటే మంచిదే. "ఏం చేస్తున్నావు?" అన్న ప్రశ్నకి జవాబు కోసం చేరితే మాత్రం రెండేళ్లూ, ఫీజూ, చేసిన పని తాలూకు నైపుణ్యమూ మూడూ పోతాయి. చేరేవాళ్లు ఏ పరీక్ష, ఎన్ని ప్రయత్నాలు, ఏ నెలలో ఆపాలి అన్నది కాగితం మీద రాసుకుని చేరాలి.

ఇంకొక్క హెచ్చరిక చేయకుండా ఈ అధ్యాయం ముగించడం తప్పవుతుంది. 2024 మేలో విశాఖ పోలీసులు ఒక పెద్ద దందా బయటపెట్టారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి, డబ్బు కట్టించుకుని, ఉత్తరాంధ్ర కుర్రాళ్లని కంబోడియాకి చేర్చారు. అక్కడ వాళ్ల పాస్‌పోర్టులు లాక్కుని, సైబర్ మోసాలు చేసే గదుల్లో కూర్చోబెట్టారు. ఆ నెలాఖరుకి మొదటి బృందం విశాఖ విమానాశ్రయంలో దిగినప్పుడు వాళ్ల కోసం ఎదురుచూస్తున్న తల్లిదండ్రులు అందరిలాంటి తల్లిదండ్రులే. పనిలేని మనిషికి వచ్చే ఆఫర్లో ముందు డబ్బు కట్టమనే మాట ఉంటే అది ఉద్యోగం కాదు. విదేశీ ఉద్యోగాల ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉండాలి, రిజిస్టరైన ఏజెంటు కూడా సర్వీసు చార్జీగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. మోసపోయామని తెలిసిన గంటలోపే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేస్తే డబ్బు ఆపే అవకాశం ఉంటుంది.

నాలుగో నెల ఆఖరు గురించి నాన్నతో అన్న మాట నిలబెట్టుకోవాలి. ఆ రోజు చేతిలో ఇంకా మూడు నెలల డబ్బు, ముట్టుకోని పీఎఫ్ ఉంటాయి. అప్పుడు జీతం అంచనా తగ్గించుకోవడమా, వేరే రంగంలో చేరడమా, బీచ్ రోడ్డులో కాక పెందుర్తిలో చిన్న పనితో మొదలుపెట్టడమా అన్నది కంగారు లేకుండా తేల్చుకోవచ్చు.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరైనా ఇప్పుడు ఏ మారతహళ్లిలోనో మియాపూర్‌లోనో గదిలో కూర్చుని, వచ్చే నెల అద్దె గురించి ఆలోచిస్తూ ఉంటే, ముందు అద్దె ఒప్పందం తీసి నోటీసు ఎన్ని రోజులో చూడండి. తర్వాత ఇంటికి ఫోను చేయండి. రెండూ ఈ రాత్రికే అయిపోయే పనులు.